నాలుగు మూలల బంతి

బంతి గుండ్రంగా ఉంటుందని నాకెవరూ నేర్పలేదు. నేర్పకుండానే నమ్మేశాను. నమ్మి ఆరేళ్ళు దాని మీద పని చేశాను. చిత్తూరులో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తూ, తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తూ, వారానికి మూడు రోజులు ఆ రెండు ఊళ్ళ మధ్య బస్సులో ఊగుతూ కూడా ఆ నమ్మకాన్ని ఒక్కసారైనా గిల్లి చూడలేదు. ఇప్పుడు తల్చుకుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నాలుగు రోజులు చెమటలు పట్టాయి. ఆ చెమటల మధ్యలో కూడా నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎలా కనబడుతుందో ఆ బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళను అడగాలి.

నేను చేసే పని ఏమిటని ఇంట్లో అడిగితే తిరుమల ఘాట్ రోడ్డు బస్సుతో చెప్పేదాన్ని. బస్సు రోడ్డు అంచు దాటకూడదు. ఎన్ని మలుపులున్నాయో ముందే తెలుసు. ఆ రెండూ తెలిస్తే డ్రైవరు స్టీరింగును మహా అయితే ఎంత గట్టిగా తిప్పాల్సి వస్తుందో లెక్క కట్టొచ్చు. పాలినామియల్, అదే బహుపది, కూడా అలాంటిదే. దాని విలువ ఒకటి దాటకూడదని కంచె వేస్తాం. దాని ఘాతం ఎంతో, అంటే మహా అయితే ఎన్ని మలుపులు తిరుగుతుందో, మనకు తెలుసు. ఇక అది ఎంత నిటారుగా లేవగలదు, ఎంత వేగంగా పడగలదు, అంటే దాని డెరివేటివ్‌కు హద్దు ఎంత అన్నదే ప్రశ్న. ఒట్టి గీత మీద దీనికి జవాబు పాతకాలంలోనే దొరికింది. నా వంతు, అదే ప్రశ్నను నార్మ్డ్ స్పేసుల్లో అడగడం. పేరు చూసి బెదరక్కర్లేదు. పొడుగు కొలిచే కొలబద్ద ఒకటి ఉన్న లోకం, అంతే. ఆ కొలబద్దతో నడిమధ్య నుంచి ఒకటి దూరం లోపల ఉన్న చోటునంతా కలిపి బంతి అంటాం.

మా అత్త ఇదంతా చెవి ఒగ్గి విని, "అయితే బస్సు పడదు గదా మే?" అని అడిగింది. పడదని చెప్పాను. "సాల్లే, అంతే కావాల్సింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా పరిశోధనను అంత తొందరగా ఒప్పుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

మా గైడు సార్ మంచి మనిషి. చాక్‌పీసు పట్టుకుంటే ఆయనకు ఆకలి గుర్తుండదు, మాకు మాత్రం బాగా గుర్తొచ్చేది. ఆయన దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ మొదటిరోజు ఒక తంతు ఉండేది. ముప్పై ఏళ్ళ కిందట ఆయన రాసిన థీసిస్, నల్ల అట్ట వేసినది, బీరువాలోంచి బయటికొస్తుంది. అందులో ఒకానొక పేజీ తెరిచి మన ముందు పెడతారు. ఆ పేజీని మన చేత్తో, మన నోటుబుక్కులో, ఒక్క అక్షరం వదలకుండా ఎత్తి రాసుకోవాలి. ఆ పేజీలో ఉండేది సార్ లెమ్మా. పెద్ద సిద్ధాంతం ఎక్కడానికి వేసుకునే చిన్న మెట్టును లెమ్మా అంటారు. మా అందరి థీసిస్‌లూ ఆ మెట్టు మీద కాలు పెట్టే పైకెక్కాయి. ఆ మెట్టును తట్టి చూసినవాళ్ళం మాత్రం మాలో ఎవరమూ లేము. సార్ రాసింది సార్ చేత్తో చూపిస్తుంటే తట్టి చూడాలని ఎవరికి తోస్తుంది?

నేనూ రాసుకున్నాను. ఆ పేజీలో బంతి బొమ్మ ఒకటి ఉంది. వృత్తలేఖిని తెచ్చుకోలేదు కాబట్టి చేతికున్న మట్టిగాజు తీసి, కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్ను తిప్పాను. చక్కటి బంతి. సార్ చూసి "బలే గీసినావమ్మా" అన్నారు. ఆ మెప్పుకు పొంగిపోయి ఆరేళ్ళలో కనీసం రెండు వందల బంతులు గాజు పెట్టి గీసి ఉంటాను.

ఇక నా మెడ మీద ఉన్న కత్తి గురించి చెప్పాలి. నా థీసిస్ టైటిల్లో 'నార్మ్డ్ స్పేసుల మీద' అని ఉంది. ఫలానా స్పేసు అని కాదు, ఏ స్పేసైనా సరే అని. టైటిల్ ఎలా నమోదయిందో అలాగే సమర్పించాలి. మార్చాలంటే మళ్ళీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. నాకు ఇచ్చిన గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదు. సార్ ఇంకో రెండు నెలల్లో రిటైరవుతారు. శుక్రవారం నా ముందస్తు సెమినార్. బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చి, విని, సరే అంటే థీసిస్ ఇవ్వొచ్చు. కాదంటే ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే.

మంగళవారం మధ్యాహ్నం స్కాలర్ల గదిలో కూర్చుని ఉన్నాను. నా బొమ్మలన్నీ కంప్యూటర్లో గీసిపెడతానని మా జూనియర్ ఒప్పుకుంది. కార్వేటినగరం పిల్ల. ఆ ఏడాదే చేరింది, చేయి చురుకు, నోరు ఇంకా చురుకు. గీస్తూ గీస్తూ ఆగింది.

"అక్కా, ఇట్రా. బంతి ఏందో తేడాగా వచ్చినాది."

వెళ్ళి చూశాను. తెర మీద, ఒక మూల మీద నిలబెట్టిన చతురస్రం ఉంది. సంతలో అమ్మే గాలిపటం ఆకారం. నాలుగు మూలలు, నాలుగు ఏటవాలు గోడలు.

"ఇదేం బంతి మే? గుండ్రంగా గీయి."

"కొలత మార్చి కొట్టినట్టుండాను. అడ్డం ఎంత పోయినామో నిలువు ఎంత పోయినామో రెండూ కూడేసినాను. ఆ కొలతకు బంతి ఇట్లే వస్తాది." ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "ఇదీ నార్మ్డ్ స్పేసే గదక్కా?"

"అవును, ఇదీ నార్మ్డ్ స్పేసే" అన్నాను పెద్దరికంగా.

"మరి ఈడ లంబం యాడ గీసేది?"

నేను నోటుబుక్కు లాక్కుని సార్ లెమ్మా ఉన్న పేజీ తెరిచాను.

సార్ లెమ్మాలో మూడో పంక్తి ఇది: 'దానికి లంబంగా ఒక దిక్కును తీసుకొనుము.' బంతిలో ఒక చోట నిలబడతాం. నడిమధ్య నుంచి ఆ చోటికి గీసిన గీతకు లంబంగా, అంటే తొంభై డిగ్రీల్లో, ఒక దిక్కు పడతాం. అలా ఒక కోడిగుడ్డు ఆకారపు దారి వేసుకుని చుట్టూ తిరిగి మొదటికొస్తాం. లంబకోణ త్రిభుజం లెక్క వేసి, ఆ దారి బంతి దాటదని చెప్తాం. తిరిగి మొదటికొచ్చే దారి మీద పాలినామియల్ ఒక అలలాగా లేచి పడుతుంది. దాని ఘాతం ఎంతో, ఆ అల వేగం అంతకు మించదు. ఇది ఎప్పటి నుంచో తెలిసిన నిజం. అక్కడి నుంచి డెరివేటివ్‌కు హద్దు దొరుకుతుంది. ఇదంతా లంబం ఉన్న లోకంలో. కానీ లంబం అన్ని లోకాల్లోనూ ఉండదు. గుండ్రటి బంతి ఉన్న లోకంలోనే ఉంటుంది. నాలుగు మూలల బంతికి పొడుగు తెలుసు గానీ కోణం తెలియదు.

"సున్నా పాయింటు ఆరు అడ్డం పోయి, సున్నా పాయింటు ఎనిమిది పైకి పోతే, గుండ్రటిదాంట్లో సరిగ్గా ఒకటి వస్తాది" అంటూ ఆ పిల్ల వేళ్ళు మడిచింది. "ఈడ ఒకటి పాయింటు నాలుగు వస్తా ఉండాది. గోడ దాటి పోయినామక్కా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కాబట్టి ఆ పిల్ల మీదే అరిచాను. "బొమ్మలు గీయమంటే బొమ్మలు గీయొచ్చు గదా, లంబం గురించి అడిగేదెందుకు నువ్వు?" అన్నాను. ఆ పిల్ల నవ్వాపుకోలేక డెస్కు మీద తల వాల్చేసింది. నేనూ చూసి చూసి నవ్వేశాను. ఆరేళ్ళ పని కళ్ళముందే కూలుతుంటే ఇద్దరం పగలబడి నవ్వుతుండడం చూసి అటెండరు తలుపు దగ్గర ఆగి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

నాలుగున్నర బస్సెక్కాను. చంద్రగిరి దాటేసరికి నవ్వు అయిపోయింది, చెమట మొదలైంది. లెమ్మా పోతే మూడో అధ్యాయం పోతుంది. మూడు పోతే నాలుగూ ఐదూ వాటంతటవే పోతాయి. పోనీ 'గుండ్రటి స్పేసుల మీద' అని రాద్దామంటే టైటిల్ ఒప్పుకోదు. ఇవన్నీ ఒక ఎత్తు. సార్‌కు ఎలా చెప్పాలి? మీ లెమ్మా తప్పు, ముప్పై ఏళ్ళుగా తప్పు, దాన్ని పట్టింది మొన్న చేరిన పిల్ల, అని ఏ నోటితో చెప్పాలి?

పూతలపట్టు దగ్గర బస్సు టైరు పంక్చరయింది. అందరూ దిగారు. నేను రోడ్డు పక్క కల్వర్టు గట్టు మీద కూర్చుని నోటుబుక్కు తీశాను. ఎదురుగా మామిడితోట, వెనక డ్రైవరు తిట్లు. కోణం లేకుండా నా దగ్గర ఇంకేం మిగిలింది అని నన్ను నేనే అడిగాను. ఒక్కటే మిగిలింది. ఏ లోకంలోనైనా, ఏ కొలబద్దతోనైనా, చుట్టు తిరిగే దారి తిన్నటి దారికంటే పొట్టిది కాదు. రెండు అడుగులు కలిపి వేస్తే చేరే దూరం, విడివిడిగా ఆ రెండు అడుగుల పొడుగులను కూడిన దానికి మించదు. ఇది కొలబద్ద పుట్టినప్పుడే దానితో పుట్టిన నియమం.

సరే, దాన్నే వాడదాం అనుకున్నాను. నేను నిలబడిన చోటు దూరం సున్నా పాయింటు ఆరు. దారి ఆ చోటును కాస్‌తో, నా దిక్కును సున్నా పాయింటు ఎనిమిది సైన్‌తో కలుపుతుంది. కాస్ పెరిగితే సైన్ తగ్గుతుంది కాబట్టి, ఆ పిల్ల కూడినట్టు రెండూ ఒకేసారి పూర్తిగా పడవు. లంబం ఊసే ఎత్తకుండా రెండు పొడుగులనూ కూడేశాను. పాయింటు ఆరు కాస్, పాయింటు ఎనిమిది సైన్. ఇది ఎంతవరకు పోతుంది? పాయింటు ఆరు ఒక కోణానికి కాస్ అనుకుంటే పాయింటు ఎనిమిది దాని సైన్. రెండూ కలిస్తే రెండు కోణాల తేడాకు కాస్. కాస్ ఎప్పుడైనా ఒకటి దాటుతుందా?

దాటదు.

దాటనే దాటదు! డిగ్రీ పిల్లలకు ప్రతి ఏడాదీ నేనే గుర్తుచేసే ఇంటర్ పాఠం. గట్టు మీంచి లేచి నిలబడ్డాను. దారి సార్‌ది సరైనదే. అది ఏ బంతినీ దాటదు, గుండ్రంగా ఉన్నా, మూలలున్నా, వంకరటింకరగా ఉన్నా. ఆయన చెప్పిన కారణం ఒక్కటే తప్పు. లంబం అక్కర్లేనే లేదు. లేని ఇంటికి తాళం వేసి ముప్పై ఏళ్ళు తాళంచెవి మోశాం మేమందరం. అక్కడే, నడిరోడ్డు పక్కన, కొంగు నడుముకు దోపి, చప్పట్లు కొట్టుకుని గట్టిగా నవ్వాను.

"ఏందమ్మా, టైరు మారితే ఇంత సంబరమా?" అన్నాడు కండక్టరు.

"టైరు గాదన్నా, దాటలేదన్నా!" అన్నాను.

ఆయనకు ఏమర్థమైందో, "దాటదులే, కూర్చో" అని ఓదార్చాడు. ఆ రోజు నాతో సరిగ్గా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

జూనియర్‌కు ఫోన్ చేసి, ఆ మూలల బంతిలోనే దారి గీసి చూడమన్నాను. బస్సు కదిలేలోపు బొమ్మ పంపింది. గాలిపటం లోపల కోడిగుడ్డు. నాలుగు గోడలనూ ఒక్కొక్క చోట తాకుతూ, ఒక్క వెంట్రుక కూడా బయటికి పోకుండా. వెంటనే ఫోన్ మోగింది.

"అక్కా, తాకి వచ్చేసినాదక్కా! పాయింటు ముప్పైయారు, పాయింటు అరవైనాలుగు దగ్గర గోడ తాకి, మళ్ళీ లోపలికి వచ్చేసినాది! రెండూ కూడు, సరిగ్గా ఒకటి!"

"నేను మొన్న అరిచినందుకు ఏమనుకోవద్దు మే."

"మొన్న గాదక్కా, ఈ మధ్యాన్నమే. ఏమీ అనుకోలే."

బస్సులో చిత్తూరు దాకా ఆ బొమ్మనే చూసుకుంటూ వచ్చాను. దిగేటప్పుడు పక్కనున్న ముసలామె, "కొడుకు ఫొటోనా?" అని అడిగింది. అవునన్నాను.

మరునాడు సార్ గదికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. బీరువాలోని కాగితాలు అట్టపెట్టెల్లోకి సర్దుకుంటున్నారు. "సార్, లెమ్మాకు ఇంకో రుజువు దొరికింది, చిన్నది" అన్నాను. "ఉన్నది బాగానే ఉండాది గదమ్మా, ఇంకోటెందుకు?" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు చూసి, తప్పు ఊసెత్తకుండా "ఊరికే సార్" అనేశాను. "శుక్రవారం సూస్తాలే" అని మళ్ళీ సర్దుకోవడంలో పడ్డారు. తలుపు బయటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత ఒక నిర్ణయానికి వచ్చాను. సెమినార్లో తప్పు నాదేనని చెప్పేస్తాను. ఎత్తి రాసుకునేటప్పుడు పొరపాటు పడ్డానంటాను. ముప్పై ఏళ్ళ గౌరవం రెండు నెలలు ఆగలేదా?

శుక్రవారం పెద్దాయన తమిళనాడు సరిహద్దులోని తడ అవతలి నుంచి పొద్దున బస్సుకే వచ్చారు. చాలా పెద్ద వయసు, నిటారు నడక, తమిళం కలిసిన తెలుగు. ముందు వరసలో కూర్చుని, చేతికర్ర ఒడిలో అడ్డంగా పెట్టుకున్నారు. ఆయన పక్కన మా సార్. వెనక జూనియర్, ఇంకో పదిమంది.

నేను బోర్డు మీద నాలుగు మూలల బంతి గీశాను. సార్ కనుబొమలు పైకి లేచాయి. దారి గీశాను. రెండు పొడుగులను కూడేశాను. రెండు పంక్తుల్లో అయిపోయింది. "ఇక్కడ మొదట నేను లంబం అని రాశాను సార్. అది నా పొరపాటు. ఇప్పుడు సరిదిద్దాను" అని గబగబా చెప్పి తర్వాతి పేజీకి పోబోయాను.

"నిల్లమ్మా" అని ఆపారు పెద్దాయన. "ఈ రెండు వరసలు బాగుండాయి. ఎవరో యాడనో ముందే రాసే ఉంటారు, వెతికి వాళ్ళ పేరు వెయ్యి. సరే. లంబం అంటివే, నార్మ్డ్ స్పేసులో లంబం యాడుండాది? ఎవరు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే."

"ఎంత కాలం ఉండె ఈ పొరపాటు?"

"ఆరేళ్ళు సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆరేళ్ళు దీని మీదే కూర్చొని, ఇది సూడని మనిషికి డాక్టరేట్ ఇయ్యొచ్చునా? నేను ఆలోచన సెయ్యాల."

నా చేతిలో చాక్‌పీసు విరిగింది. జూనియర్ వెనక నుంచి లేవబోతుంటే కళ్ళతోనే కూర్చోమన్నాను. ఎందుకో ఏడుపు రాలేదు, భయంకరమైన నవ్వొచ్చింది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను.

అప్పుడు సార్ లేచారు. అంతసేపూ ఆయన ఆహ్వాన పత్రం వెనక ఏదో రాసుకుంటున్నారని నేను గమనించనే లేదు. ఆ కాగితం పెద్దాయన ముందు పెట్టారు.

"సార్, ఆ లంబం ఆయమ్మది గాదు. నాది. నా థీసిస్‌లో రాసినాను. వచ్చిన పిల్లలందరి చేతా రాయించినాను. ఈడ కూర్చొని ఇప్పుడే లెక్క వేసి సూసినాను. తప్పే." నా వైపు చేయి చూపించారు. "ఆయమ్మకు తెలిసి కూడా నా పేరు సెప్పలా."

నాకు అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"దారి మీరు వేసిందే సార్, ఆ దారి సరిగ్గానే ఉంది" అన్నాను.

పెద్దాయన సార్ వైపు తిరిగారు. "నీ థీసిస్ అప్పుడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎవరప్పా?"

సార్ తల వంచుకున్నారు.

"నేనే గదా?"

"మీరే సార్."

"ఆ పేజీ సదివినానా?"

"సదివినారు సార్. పక్కన టిక్కు గూడా పెట్టినారు."

ముందు జూనియర్ కిసుక్కుమంది. ఆ తర్వాత పెద్దాయనే మొదలుపెట్టారు. చేతికర్ర కింద పడింది, ఎవరూ తీయలేదు. సార్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు, నేను బోర్డుకు ఆనుకుని నవ్వాను, గది గదంతా నవ్వింది. ముప్పై ఏళ్ళలో ఆ బంతిని అంతమంది ఒకేసారి చూడడం అదే మొదలు.

నవ్వు తగ్గాక పెద్దాయన పెన్ను మూత తీసి, ఫారం దగ్గరికి లాక్కుని, నన్ను పిలిచారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"రేపు నీ దగ్గరికీ థీసిస్‌లు వస్తాయి, సంతకం పెట్టమని" అన్నారు రాస్తూనే. "సదివి పెట్టమ్మా. మా మాదిరి పెట్టొద్దు."